మేము చూచిన గుఱ్ఱపు నడక

గుఱ్ఱములతో మాకు గల పరిచయము మిక్కిలి స్వల్పము. పెండ్లి యూరేగింపులలో పెండ్లికుమారుని మోసికొని, బాజాల చప్పుడునకు బెదరుచు వచ్చు తెల్లగుఱ్ఱమును చూచియుంటిమి. చిన్ననాడు తాతగారి యూరిలో, జట్కాలు కనుమరుగగుచున్న దినములలో, రెండు మూడు మారులు జట్కా యెక్కియుంటిమి. తక్కినవన్నియు పుస్తకములలోని గుఱ్ఱములే. నాయనగారు మాకు భారతము చెప్పునపుడు నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథమును విదర్భకు తోలిన ఘట్టమును పలుమారులు చెప్పించుకొనెడివారము. నలునకు అశ్వహృదయమను విద్య తెలియుననియు, దాని నిచ్చి ఋతుపర్ణునివద్ద అక్షహృదయమును గ్రహించెననియు విని యానందించితిమే గాని, గుఱ్ఱపు హృదయము నెఱుగుట యనగా నేమని యానాడు మేమడుగలేదు, నాయనగారును చెప్పలేదు.

గడచిన పుష్యమాసములో బెంగుళూరునుండి మా బావగారు ఫోనుచేసిరి. వారి కొమార్తె, అనగా మా యక్క బిడ్డ, మూడేండ్లుగా గుఱ్ఱపుస్వారి నేర్చుకొనుచున్నది. వచ్చు వేసవికి పదవతరగతి పరీక్షలు. ఈ గుఱ్ఱములపై నెలనెలా వ్యయమగు ధనమును తలచుకొన్నచో బావగారికి నిద్రపట్టుట లేదట. పైగా క్రిందటి వర్షాకాలములో పిల్ల పడి, ముంజేయి విఱిగి, ఆఱువారములు కట్టుతో నుండెను. "దానికి మామాట చెవికెక్కుట లేదమ్మా. నీవన్నచో గౌరవము. ఒకమారు వచ్చి, ఆ పోటీ యేదో చూచి, నెమ్మదిగా మానిపించిపొమ్ము" అని వారు కోరిరి. మావారికి బడి సెలవులు లేనందున మేమొక్కరమే బయలుదేరితిమి. మానిపించవలెనను నిశ్చయముతోడనే బయలుదేరితిమని దాపఱికము లేక చెప్పుచున్నాము. రైలులో కూర్చుండి పిల్లతో నేమేమి చెప్పవలయునో వరుసగా కూర్చుకొంటిమి కూడ.

ఆ పోటీపేరు డ్రెస్సాజ్. ఆ పేరు వినగానే దుస్తులకు సంబంధించిన వేడుక గాబోలునని తలచితిమి. ఆడపిల్ల నల్లకోటును తెల్ల యిజారును తొడిగికొని, ఎత్తైన తోలుబూట్లతో నిలువుటద్దము ముందు నిలిచియుండగా చూచి ఆ తలంపు మఱింత గట్టిపడినది. అది ఫ్రెంచిమాట యనియు, ఆ భాషలో తర్ఫీదిచ్చుట, తీర్చిదిద్దుట యని యర్థమనియు పిల్లయే నవ్వుచు చెప్పినది. మన పల్లెలలో కోడెదూడను కాడికి మరపుట యందురు గదా, అట్టిది.

నగరమునకు వెలుపల నొక తోటలో పోటీ జరిగినది. దుముకుటకు కఱ్ఱలు లేవు, పరుగుపందెము లేదు, జనుల కేకలు లేవు. తెల్లని పొట్టికంచెతో చుట్టిన యొక యిసుక యావరణ, అంతే. వెడల్పు 20 మీటర్లు, పొడవు 40. పెద్దపోటీలకు పొడవు 60 మీటర్లుండునట. కంచె వెంబడి అక్కడక్కడ నొక్కొక్క యింగ్లీషు అక్షరము నిలిపియున్నది. ఎ తరువాత కె, దానితరువాత ఇ, హెచ్, సి, ఎమ్, బి, ఎఫ్. బడిపిల్లవాడెవడైన నక్షరమాల నిట్లు చదివినచో మావారు వానిని బెంచీ యెక్కింతురు. ఈ క్రమమెట్లు వచ్చినదో యని ఆ విద్యలోనివారు పలుకథలు చెప్పుకొందురు గాని, ఏ కథయు రుజువైనది కాదు. ఆవరణ నడుమ ఎక్స్ అను స్థానమొకటి కలదు. దానికి పలకయు లేదు, గుఱుతును లేదు. స్వారిచేయువారు దానిని మనస్సులోనే చూచుకొని, సరిగా నచ్చట గుఱ్ఱమును నిలుపవలెను.

మొదటి ముగ్గురిని చూచుసరికి మాకు నిద్ర ముంచుకొని వచ్చినది. గుఱ్ఱము లోపలికి వచ్చును, నిలుచును, పైనున్నవారు తలవంచి నమస్కరింతురు. పిదప గుండ్రముగా తిరుగును, మూలకుమూల పోవును, మరల వచ్చి నిలుచును, మరల నమస్కారము. అయిదాఱు నిమిషములలో సర్వము సమాప్తి. దీనికొఱకా మా బావగారి కష్టార్జితము, దీనికొఱకా పిల్ల చేయి విఱుగగొట్టుకొన్నదియని మనసులో కోపము కూడ కలిగినది.

మా ప్రక్క కుర్చీలో డెబ్బదియేండ్ల పెద్దమనిషి యొకరు కూర్చుండిరి. సైన్యములో గుఱ్ఱములవద్ద ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు; మదనపల్లె ప్రాంతమువారు. మా ఆవులింతను చూచియే కాబోలు, తెలుగులో మెల్లగా పలుకరించిరి. "అమ్మా, మీరు పైనున్న పిల్లలను చూచుచున్నారు. కాసేపు వారిని మఱచిపొండి. గుఱ్ఱపు కాళ్లను చూడండి. చూచుట తెలియకున్న కన్నులు మూసికొని వినండి."

మేమట్లే కన్నులు మూసికొంటిమి. చిత్రము! ఇసుకపై గిట్టల చప్పుడు మెత్తగా నున్నను తాళము స్పష్టముగా వినవచ్చినది. మామూలు నడకకు నాలుగు దెబ్బలు: ఒక్కొక్క కాలు విడివిడిగా నేలను తాకును. దానికి పైది ట్రాట్ అను నడక. అందు ముందరి కుడికాలును వెనుకటి యెడమకాలును జతగాను, తక్కిన రెండు జతగాను పడుటచే రెండే దెబ్బలు. మూడవది క్యాంటర్, అందు మూడు దెబ్బలును, వానితరువాత నొక నిశ్శబ్దమును కలవు. ఆ నిశ్శబ్దములో గుఱ్ఱపు నాలుగుకాళ్లును గాలిలో నుండునని పెద్దాయన చెప్పిరి. మేము కొంగుచాటున వ్రేళ్లు లెక్కించుచు తాళము వేయసాగితిమి. చతురశ్రము, ద్విదళము, తిశ్రము! ఏ గుఱ్ఱపు తాళము నిలుకడగా సాగుచున్నదో, ఏది మూలమలుపులో తొట్రుపడి ఒకదెబ్బ జాఱవిడిచినదో, పాటకచేరిలో తెలిసినంతగా తెలియుచుండెను. న్యాయనిర్ణేతలు మొట్టమొదట చూచునదియు నీ తాళమునేయట. తాళము తప్పిన గుఱ్ఱమెంత యందముగా మెడవంచినను ప్రయోజనము లేదు. మనవారును గుఱ్ఱపు నడకలను ధారలని యైదువిధములుగా విభజించి, ధౌరితకము, వల్గితము, ప్లుతము మొదలగు పేర్లిడిరి. అమరము వల్లించిన నాడు ఈ పేర్లు మాకు నోటికి వచ్చినవే గాని, వానికి కాళ్లున్నవని యానాడే తెలిసినది.

పిదప నేలను చూడుమనిరి. పోటీ మొదలగుటకు ముందు ఇసుకను చదునుచేసి గీతలుదీసి యుంచిరి. మొదటి గుఱ్ఱము వెడలినపిమ్మట దాని గిట్టలజాడ ముగ్గువలె కనబడును. 20 మీటర్ల వృత్తము గుండ్రముగా రావలెను. అది కోడిగ్రుడ్డువలె వచ్చినదో, ఒకప్రక్క నొక్కుకొన్నదో ఎవ్వరును చెప్పనక్కఱలేదు. దినదినము వాకిట ముగ్గుపెట్టు చేతికి వంకర యెక్కడనున్నదో కన్నుపడగానే తెలియును. నిలుచునపుడు నాలుగుకాళ్లును పీట కాళ్లవలె చదరముగా నుండవలెను. నూఱుగుఱ్ఱములలో పదియైనను అట్లు నిలుచుట యరుదని పెద్దాయన నవ్విరి.

మార్కుల పద్ధతి మావారి బడిలో పరీక్షలకంటె కఠినము. ఒక్కొక్క కదలికకు సున్న మొదలు పదివరకు మార్కులు. అరమార్కులు కూడ నుండును. పది యనగా అత్యుత్తమము, ఆఱు యనగా తృప్తికరము, నాలుగన్నచో చాలదని యర్థము. సున్న యనగా ఆ పనియే చేయలేదన్నమాట. కొన్ని కదలికలకు వచ్చిన మార్కును రెట్టింతురు. అన్నియు కూడి నూటికింతయని తేల్తురు. న్యాయనిర్ణేత సి అను నక్షరము వెనుక చిన్నపందిరిలో కూర్చుండును. ప్రక్కనే వ్రాయసకాఱు డొకడు. నిర్ణేత కన్ను గుఱ్ఱముపైనుండి త్రిప్పకుండ మార్కును, దానికి కారణమును నోటితో చెప్పుచుండ, రెండవవాడు వంచినతల యెత్తక వ్రాయుచుండును. వ్యాసులవారును విఘ్నేశ్వరుడును జ్ఞప్తికి వచ్చిరి.

"పైనున్నవారు చేయుచున్న దేమి?" అని మేమడిగితిమి. ఎంత చూచినను ఏమియు చేయుచున్నట్లు కానరారు. కొరడా లేదు, అదలింపు లేదు. నోరు విప్పి గుఱ్ఱముతో మాటాడరాదు. నాలుకతో టకటకమనిపించినను మార్కు తగ్గునట. "చేయుచున్నట్లు కనబడినచో అది తప్పమ్మా" అని వారనిరి. కూర్చున్నచోటి బరువును వెండ్రుకవాసి యిటునటు జరుపుట, పిక్కతో ప్రక్కను తాకుట, వాగెలపై వ్రేళ్లను బిగించి విడుచుట, ఇవియే మాటలు. మలుపునకు ముందు ఇట్లొకసారి బిగించి విడిచి, 'ఒక సంగతి చెప్పబోవుచున్నాను, వినుము' అని గుఱ్ఱమునకు తెలుపుదురు. అది విన్నదనుటకు సాక్షి చెవి. ఒక చెవి ముందుకును ఒక చెవి వెనుకకును కదలుచుండిన గుఱ్ఱము పైవారిమాట ఆలకించుచున్నదన్నమాట. తోక ఊరక విసరుచున్నను, నోరు తెఱచుకొనుచున్నను దానికి నొప్పియో విసుగో కలదని తెలిసికొనవలెను.

ఈ చివరిమాట చెప్పిన కొంతసేపటికే అట్టి గుఱ్ఱమొకటి వచ్చినది. బలిష్ఠుడైన యువకుడు దానిని వాగెలతో లాగిపట్టి, గడ్డము ఱొమ్మున కంటునట్లు మెడ వంపించెను. తెలియనివారికి అది శిల్పములోని గుఱ్ఱమువలె నందముగా కనబడును; మాకును మునుపటి గంటలోనైనచో కనబడియుండును. దాని నోరు తెఱచియుండెను, తోక చామరమువలె కొట్టుకొనుచుండెను. మా పెద్దాయన ముఖము ప్రక్కకు త్రిప్పుకొనిరి. ఈ విద్యలో మచ్చలేదని మేమనము. 2024 లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు కొన్నిదినముల ముందు, లోకప్రసిద్ధిగాంచిన యొక అశ్వారోహిణి శిక్షణవేళ గుఱ్ఱపు కాళ్లపై కొరడాతో మరల మరల కొట్టుచున్న చలనచిత్రము బయటపడినది. ఆమె తప్పు నొప్పుకొని పోటీనుండి తొలగినది. ఒక సంవత్సరము నిషేధము కూడ విధించిరి. ఇరువదినాలుగు శతాబ్దములకు పూర్వమే గ్రీకుదేశపు జెనోఫను గుఱ్ఱపువిద్యపై గ్రంథమువ్రాసి, బలవంతమున చేయించినదానిలో అందముండదని బోధించెను. అంతకాలముగా తెలిసిన సంగతియే. తెలిసిన సంగతిని చేతివఱకు తెచ్చుటయే కష్టము.

మధ్యాహ్నపు విరామములో పెద్దాయన చెప్పిన పూర్వకథలు మాకెంతయో నచ్చినవి. యుద్ధములో రౌతు ఒకచేత కత్తిపట్టి, రెండవచేతి చిన్నసైగతో గుఱ్ఱమును త్రిప్పుకొనవలసిన యక్కఱనుండి ఈ విద్య పెరిగినదట. పిదప ఐరోపా రాజాస్థానములలో కళగా మాఱినది. వియన్నా నగరములో 1735 లో కట్టి ముగించిన స్వారిశాలలో నేటికిని తెల్లగుఱ్ఱములు సంగీతమునకు నడుగులు వేయుచున్నవి. ఆ ఆశ్రయములో శిష్యులుగా చేర్చుకొనుటకు శతాబ్దములు గడచి, 2008 వఱకు ఆడువారికి యోగ్యత కలుగలేదు! ఒలింపిక్ క్రీడలలో 1912 లోనే డ్రెస్సాజ్ చేరినను, సైనికాధికారులు దక్క నన్యులు పాల్గొనరాదు. 1948 లో స్వీడనువారు జట్టుగా బంగారుపతకము గెలిచిరి. వారిలో నొకడు నిజమునకు అధికారి కాడు, సార్జంటు మాత్రమేయని తెలిసి మఱుచటియేట పతకమును వెనుకకు తీసికొనిరట. గుఱ్ఱమునకు భుజముపైని చుక్కల తేడా తెలియునా?

1952 లో హెల్సింకి క్రీడలనాటికి నియమము సడలినది. ఆడువారికిని ప్రవేశము లభించినది. ఆ యేడు డెన్మార్కునుండి లిస్ హార్టెల్ అను నామె వచ్చినది. 1944 లో గర్భవతిగా నుండగా ఆమెకు పోలియో సోకి, బిడ్డ క్షేమముగా పుట్టినను, మోకాళ్ల దిగువ కాళ్లు పనిచేయకుండ పోయెను. గుఱ్ఱమెక్కుటకును దిగుటకును మనుష్యులు సాయపడవలెను. పిక్కలతో చెప్పవలసిన మాటలను ఆమె నడుముతోను కూర్చున్న బరువుతోను చెప్పుకొనినది. జూబిలీ యను పేరుగల గుఱ్ఱమా మాటలను నేర్చుకొనినది. పురుషులతో సరిసమానముగా పోటీపడి ఆమె వెండిపతకము గెలిచినది. 1956 లో మరల గెలిచినది. ఈ క్రీడలో నేటికిని స్త్రీపురుషులకు వేర్వేఱు పోటీలు లేవు. 2023 లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మనదేశము జట్టుగా డ్రెస్సాజ్ బంగారుపతకము గెలిచినది. 1982 ఢిల్లీ క్రీడల తరువాత గుఱ్ఱపుపోటీలలో మనకు స్వర్ణము వచ్చుట అదియే. ఆ నలుగురిలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ ఆడుపిల్లలు. అనూష్ అగర్వాలా, హృదయ్ ఛేడా మగపిల్లలు. ఆ అనూషే 2024 లో పారిస్‌నకు పోయి, ఒలింపిక్ డ్రెస్సాజ్‌లో పాల్గొన్న తొలి భారతీయుడైనాడు.

ఇట్లు కథలు వినుచు మేము పులిహోర డబ్బా విప్పి పెద్దాయనకును పెట్టితిమి. ఈ పులిహోరయే మా పాపమునకు మూలమైనది.

విరామము ముగిసి రెండవవారుగా మా పిల్లపేరు పిలిచిరి. గంట మ్రోగినది. పిల్ల యెక్కినది గోధుమవన్నె గుఱ్ఱము. పూర్వము పరుగుపందెములలో పరుగెత్తి, గెలుపు లేక ఇచ్చటికి వచ్చినదట. పరుగెత్తుట దక్క మఱియొకటి నేర్వని జీవిని మెల్లగా నడిపించుట పరుగెత్తించుటకంటె కష్టమని యప్పటికి మాకు కొంత తెలిసినది. నడిమిగీత వెంబడి వచ్చినది. కానరాని ఎక్స్‌వద్ద నిలిచినది. పిల్ల ఒకచేయి క్రిందికి విడిచి తలవంచినది. గుఱ్ఱపు కాళ్లు పీటవలె నున్నవి! మేము పట్టలేక లేచి నిలిచితిమి.

ఒడిలోని స్టీలు డబ్బామూత జాఱి, సిమెంటుగట్టుపై పడి, గుండ్రముగా తిరిగి తిరిగి మ్రోగినది.

అప్పటికి పిల్ల ట్రాట్‌లో మొదటి మూల తిరుగుచున్నది. గుఱ్ఱమెగిరి ప్రక్కకు నాలుగడుగులు దుమికి, తల యెత్తి బుసకొట్టినది. కంచెను త్రొక్కునేమో, పిల్ల మరల పడునేమోయని మా కంఠమెండినది. మూతపై కాలుమోపి దాని నోరు మూసితిమి గాని జరుగవలసినది జరిగినది. ఆ కలతలో పిల్ల తిరుగవలసిన అక్షరమును దాటిపోయినది. న్యాయనిర్ణేత గంట కొట్టించెను. దారితప్పినచో గంటకొట్టి, తప్పినచోటినుండి మరల మొదలుపెట్టింతురు. అందులకు మార్కులు తగ్గింతురు. అందఱి కన్నులు దానిమీద నుండగా పిల్ల నెమ్మదిగా నిలిచి, నిర్ణేత చెప్పినది విని, సరేయన్నట్లు తలయూచి, మరల ఆ మూలకే గుఱ్ఱమును తీసికొని వచ్చినది. గుఱ్ఱపు చెవులు రెండును మావైపు నిక్కియున్నవి. పిల్ల మావైపు చూడలేదు. మూల రెండడుగుల దూరములో నుండగా ఒకచెవి వెనుకకు తిరిగినది. ఆ చెవిని చూచునప్పటికి మా కన్నులు చెమర్చినవి. గుఱ్ఱము మూల తిరిగి ముందుకు సాగినది.

మిగిలినదంతయు మేము నిలుచుండియే చూచితిమి. వృత్తమొకటి కొంచెము నొక్కుకొన్నది. క్యాంటర్‌లో తాళము త్వరపడినది; పందెపు రక్తము కదా. తుదకు వాగెలు వదలి నడిపించు ఘట్టము వచ్చినది. ఆవరణమున కడ్డముగా పోవునపుడు వాగెలను వ్రేళ్లనుండి కొంచెము కొంచెముగా జాఱవిడువవలెను. మనసు కుదుటబడిన గుఱ్ఱము తల క్రిందికి చాచి, వీపు వదులుచేసి, పొలమునుండి యింటికి మరలు ఎద్దువలె పెద్ద పెద్ద యడుగులు వేయును. బెదరినది తల యెత్తుకొని పరుగందుకొనును. నటింప వీలులేని ఘట్టమిది, కావున మార్కును రెట్టింతురు. ఐదునిమిషములక్రింద బుసకొట్టిన గుఱ్ఱము మెడచాచి, ముక్కు ఇసుకకు జేనెడెత్తున నుంచి, చెవులు వ్రేలవైచి నడచినది. "ఈ పిల్ల యెవరమ్మా?" అని పెద్దాయన యడిగిరి. మా బిడ్డయేయంటిమి.

సాయంకాలము లాయమునకు పోయితిమి. పిల్ల కోటు విప్పి, చేతులు మడిచి, గుఱ్ఱపు కాళ్లకు నీళ్లు పోయుచున్నది. మమ్ము చూచి, "పిన్నీ, నాన్న నిన్నెందులకు రమ్మన్నారో నాకు తెలుసు. చెప్పవలసినది చెప్పు, వింటాను" అన్నది. రైలులో కూర్చుకొన్న మాటలలో ఒక్కటియు నోటికి రాలేదు. "గుఱ్ఱము బెదరినపుడు నీవేమి చేసితివి?" అని మేమడిగితిమి.

"ఏమీ చేయలేదు పిన్నీ. ఊపిరి వదిలాను. నేను బిగబట్టితే దానికీ భయమే కదా" అని, కాలిగిట్ట నెత్తి మట్టి గీకసాగినది. "ఎవరో ఏదో పడవేశారు. పాపం, వాళ్లెంత నొచ్చుకున్నారో."

అది మేమేయని చెప్పుటకు మాకు గుఱ్ఱపు గిట్ట మఱల నేలకు దిగునంత కాలము పట్టినది. పిల్ల మావంక చూచి, పకపక నవ్వి, గుఱ్ఱపు మెడపై తలవాల్చి మరల నవ్వినది. మాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి భోజనములైన పిదప బావగారు మార్కుల కాగితమును చేతికి తీసికొనిరి. నూటికి 61 చిల్లర, బహుమానమేదియు రాలేదు. "అఱువదియొకటి" అని పెదవి విఱిచిరి. ఈ విద్యలో ఆఱనగా తృప్తికరమనియు, లోకములో మేటివారికిని నూటికి తొంబది దాటుట యరుదనియు మేము మనవిచేసితిమి. నమ్మినట్లు కనబడలేదు. వ్రేలితో వరుసవరుసయు చదువుచు ఒకచోట నాగిరి. "ఇక్కడ నాలుగు వేసినారే! ఇది చదువులో నయినచో తప్పినట్లే కదా."

"ఆ నాలుగు పిల్లది కాదు బావగారూ, మాది" అని పులిహోర డబ్బాకథ చెప్పితిమి. అక్క కొంగు నోటికడ్డము పెట్టుకొన్నది. బావగారు నవ్వకుండ నుండుటకు కొంతసేపు యత్నించి, పిదప కన్నులద్దము తీసి తుడుచుకొనిరి. దాని దిగువనే వాగెలు వదలి నడిపించినందులకు ఏడున్నర యున్నది. ప్రక్కన నిర్ణేత 'నమ్మకము' అను అర్థమిచ్చు మాట నొక్కదానిని వ్రాయించియుండెను. దానిని వారు రెండుమారులు చదివిరి. అదియేమి ఘట్టమని యడిగిరి. మేము వంటింటి తువ్వాలను వాగెలుగా పట్టి, వ్రేళ్లు విప్పుచు చూపితిమి.

మానిపించుమని మమ్ము పిలిచినవారికి మేము మానిపింపలేదని స్పష్టముగా చెప్పితిమి. పరీక్షలు ముగియువఱకు వారమునకు రెండుదినములు మాత్రమే స్వారి యనియు, ఈ యేటికి క్రొత్తబూట్లు అక్కఱలేదనియు పిల్ల తానే యొప్పుకొన్నది. ఖర్చుమాట నిజమే, మా వంటి పంతులుగారి యింట నీ విద్య పొసగదు, వారింటనైనను బరువే. బావగారు ఔననలేదు, కాదనలేదు. మఱునాడు మేము రైలెక్కునపుడు, వచ్చు పోటీ యెన్నడని మమ్మే యడిగిరి; పిల్లనే యడుగవలసినదని చెప్పితిమి. మార్కుల కాగితము మేజాపై కనబడలేదనియు, వారి ఆఫీసు సంచిలో మడతపెట్టి యున్నదనియు అక్క తరువాత ఫోనులో చెప్పినది.